గ్లూటెన్ లేని పై క్రస్ట్ ఇంట్లో చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయికి తొమ్మిదో ఏట సీలియాక్ అని తేలింది. గోధుమలాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు అది. ఆ రోజు నుంచి మా వంటింట్లోకి గోధుమపిండి రాలేదు. అన్నం, పప్పు, ఇడ్లీ తినే ఇల్లు కాబట్టి రోజువారీ వంటకి పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నవంబర్‌లో. మేముండేది డాలస్ దగ్గర. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. వారం ముందు నుంచే స్కూల్లో, ఆఫీసులో, పక్కింట్లో ఎటు చూసినా గుమ్మడి పై (pie), యాపిల్ పై. మా పిల్ల వాటి వైపు చూసి ఊరుకునేది. ఆ చూపు భరించలేక మొదలుపెట్టిన పని ఇది. నాలుగేళ్ళలో చాలా క్రస్టులు చెత్తబుట్టలోకి వెళ్ళాయి. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలకి విడివిడిగా చెప్పీ చెప్పీ ఇప్పుడు ఒకచోట రాసి పెడుతున్నాను.

పై క్రస్ట్ అంటే ఏమిటి? కేక్ లాంటిదా?

కాదు. లోపల తీపి గుమ్మడి ముద్దో, యాపిల్ ముక్కలో పెట్టి ఓవెన్‌లో కాల్చే వంటకంలో బయటి గిన్నెలాంటి భాగం క్రస్ట్. కజ్జికాయ పైపొర గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే పని చేస్తుంది. తేడా ఏమిటంటే దీన్ని నూనెలో వేయించరు. పిండిలో చల్లటి వెన్న ముక్కలు అక్కడక్కడ అలాగే ఉండిపోవాలి. ఓవెన్‌లో ఆ వెన్న కరిగి, అందులోని నీరు ఆవిరై పొరలు విడదీస్తుంది. కొరికితే పొడిపొడిగా, కరకరలాడుతూ విరగాలి.

గ్లూటెన్ లేకపోతే ఆ పిండికి ఏమవుతుంది?

గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్ళు పోసి కలిపితే అవి రెండూ కలిసి సాగే వలలా తయారవుతాయి. ఆ వలే గ్లూటెన్. పూరీ పిండిని లాగితే సాగేది, చపాతీ చిరగకుండా పెనం మీదకి వెళ్ళేది దాని పుణ్యమే. బియ్యప్పిండిలో, జొన్నపిండిలో ఆ వల లేదు. ముద్ద చేస్తే ముద్దవుతుంది, లాగితే తెగుతుంది.

ఇక్కడే నేను రెండేళ్ళు తప్పు చేశాను. మైదా క్రస్ట్ వీడియోలు చూసి, ఆ పద్ధతిలోనే అప్పడాల కర్ర పట్టుకుని ఒత్తేదాన్ని. పలచగా వచ్చేది, ఎత్తబోతే మూడు ముక్కలయ్యేది. మళ్ళీ ముద్ద చేసి మళ్ళీ ఒత్తేదాన్ని. ఒకసారి మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఆవిడది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, జొన్న రొట్టెలు తట్టిన చెయ్యి. కాసేపు నా అవస్థ చూసి, "ఏందమ్మా, జొన్నపిండిని కర్రతోని రుద్దితే నిలుస్తదా?" అన్నారు. నా చేతిలోంచి ముద్ద తీసుకుని పై ప్లేటు మధ్యలో పెట్టారు. అరచేతి మడమతో మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోయారు. ఎడమ చేత్తో ప్లేటు తిప్పుతున్నారు, కుడి చేత్తో తడుతున్నారు. అంచు పగిలిన చోట బొటనవేలితో చిన్న ముద్ద అద్ది మూసేశారు. మూడు నిమిషాలు పట్టలేదు. ఆవిడ పై అన్నది అంతకు ముందు తినను కూడా లేదు.

గ్లూటెన్ లేని పిండి మనకి కొత్త కాదు. జొన్న రొట్టె, బియ్యప్పిండి రొట్టె చేసే వాళ్ళకి దాని స్వభావం తెలుసు. మైదాలా ప్రవర్తించమని దాన్ని బలవంతపెట్టకపోతే చాలు. ఒక్క తేడా మాత్రం ఉంది. రొట్టె పిండికి మనం మరిగే నీళ్ళు పోస్తాం. వేడికి పిండి కాస్త ఉడికి జిగురొస్తుంది కాబట్టి రొట్టె నిలుస్తుంది. పై క్రస్ట్‌లో వెన్న ఉంది, వేడినీళ్ళు పోస్తే కరిగిపోతుంది. అందుకని జిగురు వేరే దారిలో తెచ్చుకోవాలి. దాని సంగతి కింద చెప్తాను.

ఏ పిండి వాడాలి? ఇంట్లో ఉన్న బియ్యప్పిండి సరిపోదా?

ఒక్క బియ్యప్పిండితో చేస్తే గట్టిగా, ఇసుక నమిలినట్టు వస్తుంది. నా మొదటి పై సరిగ్గా అలాగే వచ్చింది. మా ఆయన మర్యాదకి తిన్నారు, పిల్ల మర్యాదకి కూడా తినలేదు. మూడు పిండ్లు కలపాలి.

సగం మెత్తటి బియ్యప్పిండి. జంతికలకి పట్టించే బరక పిండి కాదు, వేళ్ళ మధ్య రుద్దితే పౌడర్‌లా ఉండాలి. అరిసెలకి పట్టే తడిపిండి కూడా వద్దు, నీళ్ళ లెక్క తప్పుతుంది.

పావు వంతు జొన్నపిండి. రుచికీ రంగుకీ ఇదే ముఖ్యం. గ్లూటెన్ లేని క్రస్టులు చాలావరకు తెల్లగా, జ్వరమొచ్చిన మొహంలా ఉంటాయి. జొన్నపిండి పడితే గోధుమ రంగు వస్తుంది, కాస్త తియ్యటి వాసన కూడా. ఇక్కడి షాపుల్లో సోర్గమ్ ఫ్లోర్ అని అమ్మేది ఇదే. ఇండియన్ స్టోర్‌లో జొన్నపిండి అని అడిగితే తక్కువకి వస్తుంది. అయితే ఆ ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడాలి, కింద చెప్తాను.

మిగతా పావు టాపియోకా స్టార్చ్, అంటే కర్రపెండలం నుంచి తీసే పిండి. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల్లో వాడే దుంప ఇదే. కాల్చాక కాస్త సాగే గుణం, కరకర రెండూ దీనివల్లే వస్తాయి. ఇండియాలో ఈ స్టార్చ్ దొరక్కపోతే సగ్గుబియ్యాన్ని మిక్సీలో మెత్తగా పట్టి రెండుసార్లు జల్లించండి. తయారీలోనే దానికి వేడి తగిలి ఉంటుంది కాబట్టి నీళ్ళు కొంచెం ఎక్కువ పీలుస్తుంది.

శనగపిండి గురించి చాలామంది అడుగుతారు. తీపి పైలో వద్దు, పచ్చి వాసన పోదు. కూరగాయల పై అయితే రెండు చెంచాలు వేసుకోవచ్చు.

కొలతలు చెప్పండి.

9 అంగుళాల ప్లేటుకి, అడుగు భాగానికి మాత్రమే:

మెత్తటి బియ్యప్పిండి 90 గ్రాములు, జొన్నపిండి 40 గ్రాములు, టాపియోకా స్టార్చ్ 40 గ్రాములు, జాంతన్ గమ్ 1 టీస్పూన్, పంచదార 1 టేబుల్ స్పూన్, ఉప్పు అర టీస్పూన్, చల్లటి వెన్న 100 గ్రాములు, గుడ్డు 1, వెనిగర్ 1 టీస్పూన్, ఐస్ నీళ్ళు 2 నుంచి 4 టేబుల్ స్పూన్లు.

పైన కూడా మూత వెయ్యాలంటే అన్నీ రెట్టింపు. వెన్నలో ఉప్పు ఉంటే విడిగా ఉప్పు వెయ్యకండి. కప్పుల లెక్క నేను కావాలనే ఇవ్వడం లేదు. బియ్యప్పిండి కప్పు బరువూ, స్టార్చ్ కప్పు బరువూ ఒకటి కాదు. అదే పిండిని నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు. చిన్న కాటా కొనుక్కోండి.

వెనిగర్ ఎందుకంటారా? మైదా క్రస్ట్‌లో గ్లూటెన్ గట్టిపడకుండా వేస్తామంటారు. ఇక్కడ గట్టిపడటానికి గ్లూటెనే లేదు! కాస్త పులుపు రుచి కోసం వేస్తాను, మానేసినా నష్టం లేదు. వేసేట్లయితే మాల్ట్ వెనిగర్ మాత్రం వద్దు, అది బార్లీతో చేస్తారు, బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది.

జాంతన్ గమ్ తప్పనిసరా? పేరు వింటేనే కెమికల్‌లా ఉంది.

పేరుకి భయపడకండి. చక్కెరని ఒక రకం బాక్టీరియాతో పులియబెట్టి తీసే పొడి అది. గ్లూటెన్ వల చేసే పనిలో కొంత ఇది చేస్తుంది. ఎక్కువ వేస్తే మాత్రం జిగటగా, బంకలా అవుతుంది. టీస్పూన్ దాటొద్దు. కొందరికి దీనివల్ల కడుపు ఉబ్బరం వస్తుంది.

వద్దనుకుంటే ఇసబ్గోల్ ఉంది. మన మందుల షాపుల్లో మలబద్ధకానికి అమ్మేదే. రుచీ రంగూ కలపని సాదా పొట్టు తెచ్చి, మిక్సీలో పొడి చేసి, 2 టీస్పూన్లు వెయ్యండి. అది నీళ్ళు బాగా పీలుస్తుంది కాబట్టి ఒక చెంచా నీళ్ళు అదనంగా పడతాయి. నిజం చెప్పాలంటే ఇప్పుడు నేను ఎక్కువగా ఇదే వాడుతున్నాను. ముద్ద వంగుతుంది, పగుళ్ళు తక్కువ.

వెన్న బదులు నెయ్యి వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు, కానీ పొరలు రావు. అమెరికాలో అమ్మే మామూలు వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలి, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఆవిరైతేనే పొర లేచేది. నెయ్యిలో నీరు లేదు. నెయ్యి క్రస్ట్ నాన్‌ఖటాయిలా పొడిగా కరిగిపోతుంది. దాని రుచి దానిదే, గుమ్మడి పైకి బాగానే కుదురుతుంది.

కలిపే పద్ధతి వివరంగా చెప్తారా?

పొడి పిండ్లు, గమ్, పంచదార, ఉప్పు అన్నీ కలిపి జల్లించండి. వెన్నని సెంటీమీటరు ముక్కలుగా కోసి పిండిలో వేసి, ఒక్కో ముక్కనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చదును చెయ్యండి. చివరికి కొన్ని అటుకుల్లా, కొన్ని శనగగింజల్లా కనిపించాలి. అంతా కలిసి పొడిలా అయ్యేదాకా నలపొద్దు. మధ్యలో వేళ్ళకి వెన్న జిడ్డుగా తగిలితే గిన్నెని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.

గుడ్డు, వెనిగర్ గిలక్కొట్టి పొయ్యండి. తర్వాత ఐస్ నీళ్ళు చెంచా చెంచాగా. ఎంత పొయ్యాలో చెయ్యి చెప్తుంది. సున్నుండ చుట్టినట్టు గుప్పిట్లో నొక్కి చూడండి. నిలబడి, విరిస్తే అంచులు రాలకుండా ఉంటే సరిపోయినట్టు. మైదా క్రస్ట్ కంటే ఇది కాస్త తడిగానే ఉండాలి. పొడిగా ఉండిపోతే రేపు ఒత్తేటప్పుడు ఏడిపిస్తుంది.

ముద్దని చదునుగా నొక్కి, ప్లాస్టిక్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కనీసం గంట, కుదిరితే రాత్రంతా. బియ్యప్పిండికి నీళ్ళు పీల్చుకోవడానికి టైమ్ కావాలి. ఈ గంట ఎగ్గొట్టడం వల్లే చాలామందికి ఇసుక తగులుతుంది.

ఒత్తుతుంటే పగిలిపోతోంది, ఏం చెయ్యాలి?

ముందు చూడాల్సింది చల్లదనం. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఒత్తితే వెన్న రాయిలా ఉండి పగులుతుంది. పది పదిహేను నిమిషాలు బయట ఉంచండి. అప్పటికీ పగుళ్ళొస్తుంటే తడి చాలలేదు. చేతులు తడుపుకుని ముద్దని మళ్ళీ కలపండి. ఇందులో గ్లూటెన్ లేదు కాబట్టి రెండోసారి కలిపినా మైదాలా గట్టిపడదు. ఈ ఒక్క విషయంలో మనదే పైచేయి.

కర్రతోనే ఒత్తాలనుకుంటే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి 3, 4 మిల్లీమీటర్ల మందం ఒత్తండి. పై కాగితం తీసేసి, కింది కాగితంతో సహా ఎత్తి ప్లేటు మీద బోర్లించి, కాగితం ఒలిచెయ్యండి. చిరిగితే అతుకు వెయ్యండి. కాలాక అతుకు ఎక్కడుందో మీకే కనిపించదు. నేనైతే అడుగు భాగానికి మా అత్తగారిలా చేత్తోనే తడతాను. యాపిల్ పై మూతకి మాత్రం కర్ర కావాలి. లేదంటే ఒత్తిన పిండిని గుండ్రంగానో ఆకుల్లాగానో కోసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చండి. ఎత్తే టెన్షన్ ఉండదు, చూడ్డానికీ బాగుంటుంది.

ముందుగా ఖాళీ క్రస్ట్‌ని కాల్చాలా?

గుమ్మడి, నిమ్మ, కస్టర్డ్ లాంటి పల్చటి వాటికి కాల్చాలి. తట్టిన ప్లేటుని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పైన బటర్ పేపర్ పరిచి, దాని నిండా బరువుకి పచ్చి శనగలు గానీ బియ్యం గానీ పొయ్యండి. 190 డిగ్రీల సెల్సియస్‌లో 20 నిమిషాలు. తర్వాత బరువు తీసేసి ఇంకో 8, 10 నిమిషాలు. బరువు లేకపోతే కరిగే వెన్నతో పాటు గోడలు జారి అడుగున కూర్చుంటాయి. ఆ శనగలు కూరకి పనికిరావు. ఒక డబ్బాలో పోసి "తినకూడదు" అని రాసి పెట్టుకోండి. నేను రాయలేదు. మా ఆయన వాటిని రాత్రి నానబెట్టి, పొద్దున నాలుగు కూతలు రానిచ్చి, "ఇవేం శనగలు, ఉడకవు" అన్నారు.

యాపిల్ పైకి ముందుగా కాల్చక్కర్లేదు. పచ్చి క్రస్ట్‌లోనే ముక్కలు నింపి 200 డిగ్రీల్లో 20 నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి 35 నుంచి 45 నిమిషాలు. మధ్యలో రసం బుడగలు రావాలి.

అడుగు తడిసి ముద్దవుతోంది.

ఓవెన్‌లో ఒక ఇనుప ట్రే ముందే పెట్టి వేడెక్కించి, పై ప్లేటుని దాని మీద పెట్టండి. ముందుగా కాల్చిన క్రస్ట్‌కైతే వేడిగా ఉండగానే గుడ్డు తెల్లసొన పల్చగా రాసి రెండు నిమిషాలు మళ్ళీ ఓవెన్‌లో ఉంచండి. ఇంకొకటి, ఆత్రం. యాపిల్ పై కనీసం మూడు గంటలు చల్లారాలి. వేడిగా కోస్తే రసమంతా అడుగుకి దిగుతుంది.

హైదరాబాద్ ఎండల్లో, ఓటీజీ లాంటి చిన్న కరెంటు ఓవెన్‌లో ఇది అవుతుందా?

అవుతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం మాత్రం కాదు. తెల్లవారుజామున చెయ్యండి. పిండీ, గిన్నే కూడా అరగంట ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఓటీజీలో 9 అంగుళాల ప్లేటు పెడితే గాలి తిరగదు, 7 అంగుళాలది వాడండి. రెండు కడ్డీలూ ఆన్‌లో ఉంచి కింది అరలో కాల్చండి. అంచులు ముందే మాడతాయి, ఫాయిల్ చుట్టండి.

గుడ్డు లేకుండా?

గుడ్డు తీసేసి ఇసబ్గోల్ పొడి 3 టీస్పూన్లు చేసుకోండి. నీళ్ళు ఇంకో 3 టేబుల్ స్పూన్లు పడతాయి. వెన్న కూడా వద్దంటే గడ్డకట్టిన కొబ్బరినూనె వాడొచ్చు, కానీ అది చేతి వేడికే కరిగిపోతుంది, త్వరగా పని కానివ్వాలి.

ఈ పిండితో కజ్జికాయలు చెయ్యొచ్చా?

వద్దు. ఇంత వెన్న ఉన్న పిండి మూకుడులో వేస్తే విచ్చుకుపోయి నూనె నిండా పొడే మిగులుతుంది. ఇది అనుభవం. ఓవెన్‌లో కాలిస్తే మాత్రం కొబ్బరి, బెల్లం పెట్టిన చిన్న పైలు బాగా వస్తాయి.

సీలియాక్ ఉన్నవాళ్ళు ధైర్యంగా తినొచ్చా?

రెసిపీలో గ్లూటెన్ లేనంత మాత్రాన పైలో లేదని కాదు. మా ఇంట్లో అసలు పాఠం ఇదే. సీలియాక్ అలర్జీ కాదు. గ్లూటెన్ తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ చిన్నపేగు మీదే దాడి చేసే జబ్బు. రొట్టె తుంపులు కూడా లెక్కలోకి వస్తాయి. దీనికి మూలం గోధుమ అని తేల్చింది విలెమ్ డికె అనే డచ్ పిల్లల డాక్టరు. ఆయనకి ముందు నుంచే అనుమానం ఉంది. 1944-45 చలికాలం కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరక్క జనం అల్లాడుతుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకోవడం ఆ అనుమానాన్ని బలపరిచింది. 1950లో తన థీసిస్‌లో రాశారు. మందు లేదు, ఇప్పటికీ గ్లూటెన్ మానడమే వైద్యం.

అందుకని మొదట పిండి ఎక్కడ పట్టించారో చూడండి. ఊళ్ళో పిండిమర, తెలంగాణలో గిర్నీ అంటాం, అందులో మీ ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. మీ జొన్నల మొదటి రెండు గుప్పిళ్ళలో ఆ గోధుమపిండే దిగుతుంది. ఇంట్లో మిక్సీలో పట్టుకోండి, లేదా గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర ఉన్న ప్యాకెట్ కొనండి. అమెరికాలోనూ, ఇండియాలోనూ ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి. "గోధుమ లేదు" అన్న మాట చాలదు, గ్లూటెన్ ఉన్న బార్లీ, రై లాంటి వేరే ధాన్యాలు ఉండొచ్చు. కార్న్‌ఫ్లేక్స్ పొడి చేసి క్రస్ట్ చేద్దామనుకునేవాళ్ళు మాల్ట్ అన్న పదం కోసం చూడండి, అది బార్లీదే.

తర్వాత సామాన్లు. చెక్క చపాతీ పీట, అప్పడాల కర్ర, జల్లెడ పాతవి వద్దు. వాటి సందుల్లో ఏళ్ళ నాటి గోధుమపిండి ఉంటుంది, కడిగినా పోదు. కొత్తవి కొని వేరుగా పెట్టుకోండి. కూరగాయల పై చేస్తే ఇంగువ దగ్గర ఆగండి. మనం కొనే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుస్తుంది. మేం ఆరు నెలలు అన్నీ మానేసినా పిల్ల రక్తపరీక్షలో అంకెలు తగ్గలేదు. చివరికి దొరికింది పోపుల డబ్బాలో.

పిల్లకి అనుమానంగా ఉంది, ముందు గోధుమ మానిపించి చూడమంటారా?

మానిపించకండి. ముందు డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి. గ్లూటెన్ మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.

బక్వీట్‌లో వీట్ ఉంది కదా? గ్లూటినస్ రైస్ సంగతి?

రెండూ పేరుకే. బక్వీట్ గోధుమ జాతి కాదు, ఉత్తరాదిన ఉపవాసాలకి తినే కుట్టు ఆటా అదే. గ్లూటినస్ రైస్ అంటే జిగురు బియ్యం, గ్లూటెన్ లేదు. తికమక పెట్టేది మన పేర్లే. ఇడ్లీ రవ్వ బియ్యంది, బొంబాయి రవ్వ గోధుమది. రవ్వ అని ఒక్క మాట చూసి కొనకండి.

ముందే చేసి దాచుకోవచ్చా?

ముద్ద ఫ్రిజ్‌లో రెండు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. ప్లేటులో తట్టేసి ఫ్రీజర్‌లో పెడితే ఇంకా సుఖం, కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లోకి వెళ్ళిపోతుంది. కాల్చిన పై మర్నాటికి మెత్తబడుతుంది, పది నిమిషాలు ఓవెన్‌లో పెడితే మళ్ళీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్ మాత్రం వద్దు.

అంచులు కోయగా మిగిలిన పిండి?

ముక్కలుగా పరిచి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి, 190లో పది, పన్నెండు నిమిషాలు కాల్చండి. మా ఇంట్లో పై చల్లారే ఆ మూడు గంటలూ పిల్ల వంటింటి గట్టు మీద కూర్చుని ఇవే తింటుంది. పోయిన ఏడాది అయితే, పై ఎందుకు, ఇవే ఎక్కువ చెయ్యొచ్చు కదా అంది.